పథ్యం అడగని రోగి

చిక్కబళ్లాపురంలో మా ఇంటికి అప్పుడప్పుడు కొత్తగా డాక్టరైన పిల్లలు వస్తుంటారు. కాఫీ తాగి, నా మోకాళ్ల సంగతి మర్యాదగా అడిగి, ఆ తర్వాత అసలు ప్రశ్నకు వస్తారు. "మీ కాలంలో డిప్రెషన్‌ను ఎట్లా గుర్తుపట్టేవారు సార్? అప్పుడు ఈ ప్రశ్నపత్రాలూ మార్కులూ లేవు కదా?" అని. నా నోట్లోంచి ఏదో రహస్యం ఊడిపడుతుందని వాళ్ల ఆశ. నిజం చెబితే ముఖాలు చిన్నబోతాయి. మొదటి మూడేళ్లు నేను గుర్తుపట్టనేలేదు. గుర్తుపట్టింది మా కాంపౌండరు. అందుకు నేను ఆయన్ని తిట్టాను కూడా.

నా బదిలీలూ జీతం పెరగడాలూ ఇక్కడ రాయను. అవి ఏ సర్కారు డాక్టరు కథలోనైనా ఒకటే, చదివేవాడికి నిద్ర తెప్పించడానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఒక కుటుంబం గురించి రాస్తాను. ఆ ఇంటాయన్ని నేను ఒక్క సలహాతో చావు దాకా తోసి, ఇతరుల పుణ్యాన వెనక్కి లాగగలిగాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను ఇవ్వగలిగింది ఆ తప్పు ఒక్కటే.

అన్నీ తినవచ్చు

మాది చింతామణి. మా నాయనకు బజార్లో బెల్లం, చింతపండు అంగడి. బెంగళూరులో డాక్టరు చదువు చదివి, యాభైల చివర్లో బాగేపల్లి ఆస్పత్రికి వచ్చాను. ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక వసారా, మూడు పెద్ద సీసాలు. ఎర్ర మందు దగ్గుకు, తెల్ల మందు కడుపుకు, గోధుమరంగు మందు మిగతా లోకానికంతా. కాంపౌండరు మునిశామప్ప నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నాకు ముందు నలుగురు డాక్టర్లను చూసినవాడు, నలుగురినీ ఓర్చుకున్నవాడు.

ఆ సీమలో ఒక పద్ధతి ఉంది. రోగి సీసాలో మందు పోయించుకున్నాక వెంటనే కదలడు. కిటికీ దగ్గర నిలబడి, "పథ్యమేమప్పా?" అంటాడు. మందు ఎన్నిసార్లు తాగాలో మరిచిపోతాడు గానీ ఇది మరిచిపోడు. వంకాయ తినొచ్చా? గుమ్మడికాయ? ఉలవకట్టు? మజ్జిగ పగలా రాత్రా? రోజుకు నలభై మంది రోగులు, ఒక్కొక్కరికి పది కూరగాయలు. కూరగాయల పరీక్షలో కూర్చున్నట్లు ఉండేది నాకు.

నా కోపంలో న్యాయం లేకపోలేదు. పథ్యం పేరుతో బాలింతలను ఎండగట్టేవాళ్లు, జ్వరం తగ్గిన పిల్లలకు గంజి నీళ్లే గతి. కానీ నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో న్యాయం చేతికి దొరికితే కర్ర దొరికినట్లే. బడి మేష్ట్రు ఒకాయన్ని బతిమాలి, కన్నడంలోనూ తెలుగులోనూ పెద్ద బోర్డు రాయించాను. "ఇక్కడ పథ్యం లేదు. అన్నీ తినవచ్చు."

మరుసటి రోజు ఒక ముసలమ్మ పక్కవాడి చేత ఆ బోర్డు చదివించుకుంది.

"గుమ్మడికాయ గూడా తినొచ్చునంటనా?" అని అడిగింది.

"అన్నీ అని రాసినారమ్మా. గుమ్మడికాయ గూడా."

"అట్లయితే నాకు రోగమే లేదంటాడా ఈయప్ప?" అని, మందు సీసా కొంగులో చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

వారంలో ఆస్పత్రి సగం ఖాళీ అయింది. జనం బజారు చివర ఉన్న నాటువైద్యుడి దగ్గరికి పోయారు. ఆయన పదిహేడు వస్తువులు నిషేధించేవాడట. తర్వాత మెల్లమెల్లగా మళ్లీ రావడం మొదలుపెట్టారు. నా బోర్డు గెలిచిందనుకున్నాను. తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరుగారు కూడా బోర్డును చాలా మెచ్చుకున్నారు. ఆయనకు అజీర్తి. వెళ్లేముందు వెనక కిటికీ దగ్గరికి పోయి, తనకేం పథ్యమో మునిశామప్పను మెల్లగా అడగడం నా కళ్లతో చూశాను. అప్పుడు గానీ నా గెలుపు సంగతి నాకు తెలియలేదు. ముందు గదిలో నేను అన్నీ తినమంటుంటే, వెనక కిటికీలో మునిశామప్ప అందరికీ పథ్యాలు పంచుతున్నాడు.

పిలిచి కేకలేశాను. ఆయన తొణకలేదు.

"పొద్దున ఒకాయమ్మకు వంకాయ వద్దంటి సామీ. దాంట్లో మనకు పోయేదేముండాది? ఇది వంకాయల కాలం గూడా కాదు."

మంచి రోగి

అట్లాంటి రోజుల్లో వెంకటరవణప్ప వచ్చాడు. గూళూరు పక్కన ఒక చిన్న ఊరు ఆయనది. నలభై ఏళ్లుంటాయి. ఆరెకరాల మెట్ట, ఎద్దులతో నీళ్లు తోడే ఒక కపిల బావి, రాగులూ శనక్కాయలూ పండిస్తాడు. వెంట భార్య లక్ష్మీదేవమ్మ, ఆమె తమ్ముడు చిన్నప్పయ్య వచ్చారు. మాట్లాడింది వాళ్లిద్దరే.

ఎద మీద రాయి పెట్టినట్లు ఉందట. తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదట. ఆకలి లేదు. రెండు నెలలుగా చేను తట్టు పోలేదు. నేను గుండె విన్నాను, ఊపిరి విన్నాను, కళ్లు తిప్పి చూశాను, నాకు వీలైన పరీక్షలన్నీ చేశాను. ఏమీ దొరకలేదు. చివరికి పుస్తకంలో చదివినట్లు, "ఏమైనా దిగులుగా ఉందా?" అని అడిగాను.

"దిగులేం లేదు సామీ," అన్నాడు, నేల చూస్తూ.

పిల్లలూ, ఇది రాసుకోండి. మా తట్టు రైతును దిగులుగా ఉందా అని అడిగితే లేదనే చెబుతాడు. దిగులంటే వానలు రానప్పుడు, ఎద్దు చచ్చినప్పుడు వచ్చేది. కారణం చూపలేని దిగులును దిగులని చెప్పుకోవడం ఆయనకు సిగ్గు. నేను లేదన్న జవాబును లేదనే రాసుకున్నాను. నిద్రకోసం గోధుమరంగు మందులో కొంచెం బ్రోమైడు కలిపించి ఇచ్చాను.

ఆయన సీసా తీసుకుని, ఒక్క మాట అడగకుండా గేటు దాకా నడిచిపోయాడు. నాకు పట్టరాని సంతోషం వేసింది.

"చూశారా మునిశామప్పా, బోర్డు చదివి అర్థం చేసుకున్న మొదటి మనిషి. పథ్యం అడగనేలేదు."

"ఆయప్ప బోర్డు తట్టు చూడనేలేదు సామీ," అన్నాడు మునిశామప్ప. "దేని తట్టూ చూడలేదు. పథ్యం అడగనోనికి రేపు ఏం తినాలనే ద్యాసే ఉండదు. నాకు భయమయితాండాది ఆయప్పను చూస్తే."

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయితే ఆ మాట ఎక్కడో గుచ్చుకుని ఉండాలి. చిన్నప్పయ్యను వెనక్కి పిలిచి, నా అంతట నేను ఒక సలహా చెప్పాను. "మీ బావకు పూర్తిగా విశ్రాంతి కావాలి. మనసుకు ఏ చింతా తగలకూడదు. జాగ్రత్తగా చూసుకోండి."

చిన్నప్పయ్య ముఖం వెలిగిపోయింది. చేతులు జోడించి, "అట్లే సామీ. చీమను గూడా తగలనీయము," అన్నాడు. ఆ వెలుగుకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. ఆస్పత్రికి వచ్చి ఉత్త చేతులతో పోతున్నామే అనుకుంటున్న ఆ ఇంటికి, ఆఖరి నిమిషంలో ఒక పథ్యం దొరికింది. జీవితంలో నేను పెట్టిన మొదటి పథ్యం అదే. అంతకంటే చెడ్డ పథ్యం ఆ తాలూకాలో ఎవరూ పెట్టి ఉండరు.

బెల్లం వద్దంటే

నెలన్నరకు లక్ష్మీదేవమ్మ కూతుర్ని తీసుకొచ్చింది. రామలక్ష్మి, పదేళ్ల పిల్ల. పొద్దున లేస్తూనే కడుపునొప్పి. బడికి పోనంటుంది. పోయిన రోజు పక్క పిల్ల పలక లాక్కుని పగలగొట్టింది. మా సీమలో పిల్లల కడుపునొప్పి అంటే నులిపురుగులే కాబట్టి పురుగుల మందూ ఆముదమూ ఇచ్చాను. పది రోజులకు మళ్లీ వచ్చారు, మళ్లీ ఇచ్చాను. మూడోసారి వచ్చారు, మూడోసారీ ఇచ్చాను. ఆ బిడ్డ కడుపులో ఒక్క పురుగు మిగిలి ఉన్నా అది నన్ను చూసి జాలిపడి ఉంటుంది.

"మీ ఆయన ఎట్లా ఉన్నారు?" అని అడిగాను లక్ష్మీదేవమ్మను.

"మీరు చెప్పినట్లే చేస్తాండాము సామీ. ఇంట్లో ఒక్క మాట గూడా వినపడదు," అందామె. కళ్ల కింద నల్లగా ఉంది. అది మెచ్చుకోలు అనుకుని నేను తల ఊపాను.

కాసేపటికి మునిశామప్ప కిటికీ మూసి నా గదిలోకి వచ్చాడు. బయట రోగులు నిలబడి ఉండగా ఆయన కిటికీ మూయడం నేను అంతకుముందు చూడలేదు.

"సామీ, ఆ బిడ్డకు బెల్లం తినొద్దంటి."

"మళ్లీ పథ్యమా?"

"తిట్టేది తర్వాత తిట్టండి. నెల దినాలు బెల్లం లేదు, శనక్కాయ లేదు అంటి. ఏ బిడ్డయినా ఏడుస్తాది. ల్యాకుంటే అమ్మ కొంగు పట్టుకుని, వారం చాలదా అని బేరమాడ్తాది. నేను గూడా బేరానికని నెల చెప్పి పది దినాలకు దిగుతా. ఈ బిడ్డ ఊరికే తలకాయ ఊపింది. వాళ్ల నాయన మాదిరే. దానికి ఉండేది పురుగులు కాదు సామీ."

నేను బెల్లం అంగడివాడి కొడుకును. బెల్లం వద్దంటే పిల్లలు ఏం చేస్తారో నాకెవరూ చెప్పనక్కరలేదు. మూడుసార్లు ఆముదం తాగించినవాణ్ని, ఒక్కసారి కూడా ఆ పిల్ల ముఖం చూడలేదు. పెద్దవాళ్ల దిగులు కనీసం దిగాలుగా కూర్చుంటుంది. పిల్లల దిగులు కడుపునొప్పిగా వస్తుంది, కోపంగా వస్తుంది, బడి ఎగ్గొట్టడంగా వస్తుంది. మనం ఆముదం తాగించి, దెబ్బలు వేసి, సోమరి అని పేరు పెడతాం.

వాకిట్లో కాపలా

మరుసటి రోజు మధ్యాహ్నం సైకిలు మీద బయల్దేరాను. మునిశామప్ప వెనక కూర్చుని మందుల సంచి పట్టుకున్నాడు. దారి ఒక్కటే అయినా పొడుగునా నాకు దారి చెబుతూ వచ్చాడు.

వాళ్ల వీధిలోకి తిరగగానే ఏదో వింతగా అనిపించింది. జనం గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. వెంకటరవణప్ప ఇంటి ముందు కోడి లేదు, దూడ లేదు. రోకలి చప్పుడు లేదు. తిరగలిని పక్కింటికి మోయించారట, పిండి విసరడం అక్కడే. కోళ్లను ఇంకో వీధికి పంపించారు. వాకిట్లో చిన్నప్పయ్య అడ్డంగా పీట వేసుకుని, మోకాళ్ల మీద కర్రతో కూర్చున్నాడు.

"లోపలికి ఇడ్సేది లేదు సామీ," అన్నాడు, చాలా మర్యాదగా.

"నేను డాక్టర్నయ్యా."

"తెలుసు సామీ. ఏ చింతా తగలకూడదని మీరే కదా చెప్పినారు. డాక్టరును చూస్తే రోగం ముదిరిందేమోనని చింత పడ్తాడు."

ఇన్నాళ్లూ బావకు చెప్పకుండా ఏమేమి దాచాడో చిన్నప్పయ్య వేళ్లు మడిచి చెప్పాడు.

"వాన తక్కువని చెప్పలేదు. శనక్కాయ చేనికి పురుగు బట్టిందని చెప్పలేదు. ఎర్రావు ఈనిందని గూడా చెప్పలేదు."

"ఆవు ఈనడం మంచి మాటే కదా?"

"కోడెదూడా, పెయ్యదూడా అని ఆలోచన చేస్తాడు సామీ. విశ్రాంతి చెడుతాది."

మునిశామప్ప తల పక్కకు తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడనుకున్నాను. కాదు, ఆయన పశువుల కొట్టం వైపు చూస్తున్నాడు. అక్కడ రామలక్ష్మి గడ్డి మీద కూర్చుని పుస్తకం చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. కాళ్లకు గజ్జెలు తీసేసిన చోట తెల్లటి గీత ఉంది.

పక్కన కూర్చుని, గట్టిగా చదవవేమమ్మా అని అడిగాను. ఆ పిల్ల నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది.

"సద్దు చేస్తే నాయన సచ్చిపోతాడని మామ చెప్పినాడు. మునుపు నేను శానా అరిసేదాన్ని. దానికే నాయనకు రోగం వచ్చిండాది."

ఎన్నో చావులు చూసిన ఉద్యోగం నాది. ఆ గుసగుస విన్నప్పుడు పడినంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఆ పిల్ల నోరు మూయించింది చిన్నప్పయ్య కాదు, నేను.

అడగాల్సిన ప్రశ్న

చిన్నప్పయ్యను లేపి, పీట పక్కకు జరిపి లోపలికి పోయాం. కిటికీలకు గోనెలు కట్టి ఉన్నాయి. వెంకటరవణప్ప గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సగం మనిషయ్యాడు. నేను మళ్లీ స్టెతస్కోపు తీయబోతే మునిశామప్ప నా చెయ్యి పట్టుకుని ఆపి, నేల మీద చతికిలబడ్డాడు.

"ఏమప్పా, సంగటి రుచి తెలుస్తాండాదా?"

గోడ వైపు నుంచే జవాబు వచ్చింది. "మట్టి మాదిరి ఉండాది."

"ఎద్దుల్ని చూసి ఎన్నాళ్లాయె?"

"చూసి ఏం చేసేది?"

"నిద్ర?"

"ఒక కునుకు పడ్తాది. మళ్లా ఎంతసేపటికీ తెల్లారదు. కోళ్లను గూడా పంపించేసినారు, పొద్దు ఎంతయిందో తెలీదు."

నేను పుస్తకం భాషలో అడిగితే దొరకనిది ఆయన సంగటి, ఎద్దుల మీదుగా రెండు నిమిషాల్లో రాబట్టాడు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. అది అడగడానికి కాంపౌండరును ముందుకు తోయడం తప్పని నాకనిపించింది.

"వెంకటరవణప్పా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

లక్ష్మీదేవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుమ్మంలో చిన్నప్పయ్య కర్ర నేలమీద పడేశాడు. అప్పుడు వెంకటరవణప్ప మా వైపు తిరిగాడు.

"ఇన్నాళ్లకు ఒకరు అడిగినారు," అన్నాడు. "బాయి దాకా రెండుసార్లు పోయి వచ్చినా సామీ. నేను ల్యాకుంటే వీళ్లకు మేలు. నా పక్కన ఉంటే ఊపిరి గూడా గట్టిగా పీల్చుకోల్యాక ఉండారు."

రెండు నెలలు వాకిట్లో కర్ర పట్టుకుని కూర్చున్న చిన్నప్పయ్య ఏడవడం మొదలుపెట్టాడు. ఆ ఇంటికి పెరటి తలుపు ఒకటి ఉందని ఆయనకు తట్టనే లేదు.

అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని ఇప్పటికీ కొందరు డాక్టర్లు భయపడతారు. నా అనుభవంలో ఎవరికీ నేను అడిగినందువల్ల ఆ ఆలోచన రాలేదు. అప్పటికే ఉన్నవాళ్లకు దాన్ని ఒంటరిగా మోసే బాధ తగ్గింది, అంతే. పెద్దవాళ్లనైనా పిల్లలనైనా తిన్నగా, మెల్లగా అడగండి. జవాబు విన్నాక మాత్రం వాళ్లను ఒంటరిగా వదిలి రావద్దు.

నువ్వు ఇచ్చింది జబ్బునే

బెంగళూరు తీసుకుపోదామన్నాను. పిచ్చాసుపత్రికా అని చిన్నప్పయ్య కుంగిపోయాడు. ఊరు ఏమంటుంది, రేపు బిడ్డకు సంబంధం ఎవరిస్తారు అని మొదలుపెట్టాడు. లక్ష్మీదేవమ్మ అడ్డం పడింది.

"పిచ్చోడంటారా, అననీలే. ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడ్తారు గదా. ఈ ఇంట్లో మాట విని రెండు నెల్లాయె," అంది.

మరునాటి పొద్దున బస్సుకే వాళ్లందరినీ వెంటబెట్టుకుని పోయాను. ఆస్పత్రి మునిశామప్పకు వదిలాను. ఆ రోజు బాగేపల్లిలో పథ్యాలు ధారాళంగా పంచి ఉంటాడు.

మనసు జబ్బులు చూసే మా పాత గురువుగారు ఆయనతో గంటసేపు కూర్చున్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు. మనిషి కటువు. "ఈ జబ్బు రోగితో ఏం చెబుతుందో తెలుసా? పడుకో, ఎవరితో మాట్లాడకు, నీతో ఎవరికీ పని లేదు అంటుంది. నువ్వు అదే సలహాగా చెప్పి పంపావు. నువ్వు ఇచ్చింది మందు కాదు, జబ్బునే," అన్నారు. ఆ కాలంలో కొత్తగా వచ్చిన మాత్రలు మొదలుపెట్టారు. అవి పనిచేయడానికి వారాలు పడుతుందనీ, అంతవరకూ కంటిని రెప్ప కాపాడినట్లు కాపాడాలనీ, బ్రోమైడు పారబోయమనీ చెప్పారు. పిల్లకు మాత్రలు అక్కరలేదు, నిజం చెప్పి, నోరు తెరవనిస్తే చాలు, చూస్తూ ఉండమన్నారు.

"ఆయన్ని రోజూ కొంచెం కొంచెం లేవనియ్యి. ధైర్యంగా ఉండు, లేచి పని చెయ్యి అని ఉపన్యాసాలిస్తే లేవడు."

"మరి ఎట్లా లేపేది సార్?"

"అది మీ ఊరి సంగతి. మీ ఊళ్లో ఎవరినైనా అడుగు."

అడగాల్సింది ఎవరినో నాకు బస్సులోనే తెలిసిపోయింది. ఆ సాయంత్రం మునిశామప్ప ముందు పీట మీద కూర్చుని, "వెంకటరవణప్పకు ఏం పథ్యం పెడదాం?" అన్నాను. గెలిచానన్న గర్వం ఆయన ముఖంలో ఏ మూలా కనబడలేదు. ముక్కుపొడి పీల్చి, "రాసుకోండి," అన్నాడు.

పొద్దు మునిగే దాకా నడుము వాల్చకూడదు. సంగటి ఒంటరిగా తినకూడదు, పక్కన బిడ్డ ఉండాలి. కూరాకు ఇంకొకరు తెస్తే పనికిరాదు, ఆయనే చేనికి పోయి పిడికెడైనా కోసుకు రావాలి. చిన్నప్పయ్య వాకిలి వదిలి ఆయన వెంట ఉండాలి, బావి తట్టు అసలు ఒంటరిగా పోనీయకూడదు. ఇంట్లో చెప్పే మాటలన్నీ ఆయనకూ చెప్పాలి, ఆవు సంగతితో సహా. కోళ్లు ఇంటికి రావాలి. సాయంత్రం ఆయన ఆకు వలుస్తుంటే బిడ్డ పక్కన కూర్చుని పాఠం గట్టిగా చదవాలి, వింటే వినె, ల్యాకుంటే లేదు.

"ఇంకొకటి. గుమ్మడికాయ తినగూడదు," అన్నాడు.

"గుమ్మడికాయ ఏం చేసింది?"

"తినగూడనిది ఒక్కటన్నా ల్యాకుంటే ఎవరు నమ్ముతారు సామీ?"

గుమ్మడికాయ కూడా రాసుకున్నాను. వెంకటరవణప్పకు మాత్రం దాచకుండా చెప్పాను, ఇందులో గుమ్మడికాయది అలంకారం, మిగతాది సగం మందు అని. ఆయన నవ్వలేదు గానీ విన్నాడు. రామలక్ష్మిని కూర్చోబెట్టి ఇంకో మాట చెప్పాను. "మీ నాయనకు జబ్బు నీ అరుపుల వల్ల రాలేదు. ఎవరి వల్లా రాలేదు. నేను తప్పు చెప్పినందువల్ల ముదిరింది."

ఆ పిల్ల నా చెవి దగ్గరికి వచ్చింది. "తప్పు చెప్తే కొడ్తారు గదా, మిమ్మల్ని ఎవరు కొట్టినారు మరి?" అని గుసగుసగా అడిగింది. నేను మునిశామప్ప వైపు చూపించాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. పథ్యం అడగనివాళ్లందరికీ ఈ జబ్బు ఉంటుందని, అడిగేవాళ్లకు ఉండదని అనుకోవద్దు. తర్వాతి ఏడు కైవార ఊరి తట్టు నుంచి మేష్ట్రు ఒకాయన వచ్చి పదకొండు వస్తువుల గురించి పథ్యం అడిగాడు. ఇంత అడిగేవాడు బాగానే ఉన్నాడని పంపించేశాను. ఆయనకు తినడమంటేనే భయం పట్టుకుంది, అది కూడా ఈ జబ్బే. నాలుగు నెలలు వృథాగా బాధపడ్డాడు. మునిశామప్ప పరీక్ష గొప్పదే, కానీ దాన్ని బోర్డు మీద రాసి తగిలించకండి. నా బోర్డు ఏమైందో చెప్పాను కదా.

కూరాకూ పాఠమూ

మొదటి వారం ఏమీ మారలేదు. రెండో వారం ఇంకా చెడ్డగా ఉంది. ఆయన చేను గట్టు మీద కూర్చుని ఏడ్చాడని చిన్నప్పయ్య వచ్చి చెప్పాడు. రోజూ ఆ తట్టు నుంచి ఎవరు వచ్చినా ముందు వాళ్ల ముఖం చూసేవాణ్ని. మునిశామప్ప మాత్రం, "కూరాకు తెస్తాండాడా? తెస్తాండాడు కదా. తెచ్చే దాకా బతికుండాడు సామీ," అనేవాడు. మూడో వారం పిడికెడు ఆకు రెండు పిడికిళ్లయిందని తెలిసింది. ఎద్దుల గిట్టలు చూసి చిన్నప్పయ్యను ఏదో అడిగాడట. అంతకుమించి లేదు. సాయంత్రాలు బిడ్డ చదువుతూ ఉండేది, ఆయన ఆకు వలుస్తూ ఉండేవాడు, తల ఎత్తేవాడు కాదు.

ఐదో వారం ఒక పొద్దున వసారా నిండా రోగులున్నారు. చిన్నప్పయ్య మాత్రల కోసం రామలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల వరసలో నిలబడలేదు. అందరినీ తోసుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సామీ, మా నాయన నిన్న నన్ను తిట్టినాడు."

వసారాలో అందరూ ఇటు తిరిగారు. ఎందుకు తిట్టాడని అడిగాను.

సంగతేమిటంటే, ఆమె రోజూ చదివేది ఒక రైతు సంతకు పోయి ఎద్దుల జత కొనుక్కొచ్చే పాఠం. నాయన వింటున్నాడో లేదో చూడాలని, మేము చెప్పకుండానే, ఆ పిల్ల మొదటి వారం నుంచి మధ్యలో వాక్యాలు ఎగరగొడుతూ వస్తోంది. ఒకనాడు రెండు, ఒకనాడు నాలుగు. ఆయన ఒక్కరోజు కూడా పట్టుకోలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మళ్లీ ఎగరగొట్టింది. నిన్న ఒక పేజీ పేజీనే తిప్పేసింది. రైతు ఇంట్లో తలగుడ్డ చుట్టుకున్నాడు, మరుక్షణం ఎద్దులు తోలుకుంటూ ఇంటికి వచ్చాడు.

"అప్పుడు నాయన ఆకు కింద పెట్టినాడు సామీ. నా తట్టు చూసినాడు. 'సంతకు పోకనే ఎద్దులు యాడనుంచి వచ్చెనే? దొంగతనం చేసినాడా వాడు? మొదట్నుంచి సదువు,' అన్నాడు."

మునిశామప్ప కిటికీలోంచి తల బయటపెట్టి, "గట్టిగా తిట్టినాడా పాపా?" అని అడిగాడు.

"పక్కింటోళ్లు తిరగలి ఆపి వచ్చి చూసిరి," అంది రామలక్ష్మి. ఆ మాట ఆస్పత్రంతా వినపడేటట్లు చెప్పింది.